చిత్రా కవాటం: భారతీయ హృదయ శస్త్రచికిత్సా చరిత్రలో ఒక అధ్యాయం

1. ప్రవేశిక

గుండెలోని నాలుగు కవాటాలు రక్తాన్ని ఒకే దిశలో సాగనిచ్చే తలుపుల వంటివి. బాల్యంలో స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా వల్ల వచ్చే గొంతునొప్పికి సకాలంలో చికిత్స అందకపోతే కొందరికి రుమాటిక్ జ్వరం వస్తుంది. దాని వల్ల కవాటాలు, ముఖ్యంగా మైట్రల్ కవాటం, దెబ్బతింటాయి. ఇరుకు ఇళ్ళు, పేదరికం, వైద్యసదుపాయాల లేమి ఉన్నచోట ఈ వ్యాధి అధికం. 1960లో అమెరికాలో శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ స్టార్, ఇంజనీరు లోవెల్ ఎడ్వర్డ్స్ కలిసి రూపొందించిన కృత్రిమ కవాటం విజయవంతం కావడంతో కవాట మార్పిడికి మార్గం ఏర్పడింది. అయితే దిగుమతి కవాటాల ధర భారతదేశంలోని సామాన్య రోగికి అందేది కాదు. తిరువనంతపురంలో చిత్రా కవాటం రూపొందడానికి ఈ పరిస్థితే మూలకారణం.

2. రూపకల్పన: మూడు వైఫల్యాలు

శ్రీ చిత్రా తిరునాళ్ వైద్య సంస్థలో శస్త్రవైద్యుడు ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వంలో ఈ కృషి 1970వ దశకంలో ప్రారంభమైంది. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండెలో కవాటం ఏడాదికి సుమారు 3.78 కోట్ల సార్లు తెరుచుకుని మూసుకోవాలి. అంతటి శ్రమను ఏళ్ళ తరబడి తట్టుకునే పదార్థాన్ని ఎంచుకోవడమే ప్రధాన సమస్య అయింది.

మొదటి నమూనాలో లోహపు చట్రం అతుకు వద్ద విరిగింది. రెండవ నమూనాలో అతుకు లేని టైటానియం చట్రానికి నీలమణి బిళ్ళను అమర్చగా, ఆ కఠినమైన బిళ్ళ చట్రాన్ని అరగదీసింది. మూడవ నమూనాలో చట్రానికి మరింత దృఢమైన మిశ్రమలోహాన్ని వాడినా నీలమణి బిళ్ళే పగిలింది. చివరకు కోబాల్టు ప్రధానమైన మిశ్రమలోహపు చట్రం, అందులో కదిలే పాలిథిలిన్ బిళ్ళ కలిసిన నాలుగవ నమూనా పరీక్షల్లో నిలిచింది. 1990 డిసెంబరు 6న దీనిని తొలిసారి ఒక రోగికి అమర్చారు. అనంతరం టీటీకే సంస్థ ఉత్పత్తి చేపట్టగా, లక్షమందికి పైగా రోగులకు ఈ కవాటం అందింది.

ఇక్కడ ఒక పోలిక గమనార్హం. విదేశాల్లో విస్తృతంగా వాడిన ఒక రకం బ్యోర్క్-షైలీ కవాటంలోనూ అతుకుపెట్టిన లోహపు కమ్మీ విరిగేది. అయితే ఆ లోపం రోగుల గుండెల్లో బయటపడింది. ఆ రకాన్ని 1986లో మార్కెట్టు నుంచి ఉపసంహరించారు. తిరువనంతపురంలో మాత్రం మూడు వైఫల్యాలూ మానవ ప్రయోగానికి ముందే తేలాయి. జాప్యంగా కనిపించిన కాలమే రోగులకు రక్షణ అయింది.

3. శస్త్రచికిత్స తరువాతి సవాళ్ళు

లోహ కవాటం అమర్చుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మందును జీవితాంతం వాడాలి. మోతాదు తగ్గితే కవాటంపై రక్తం గడ్డకట్టవచ్చు. పెరిగితే రక్తస్రావం కావచ్చు. అందువల్ల తరచుగా రక్తపరీక్ష అవసరం. పరీక్షాకేంద్రం దూరంగా ఉన్న గ్రామీణ రోగికి ఇది ఎడతెగని భారం. గర్భిణికి ఈ మందు వల్ల గర్భస్థ శిశువుకు కూడా ప్రమాదం ఉంది.

2002లో ఫ్రాన్సులో అలెన్ క్రిబియె ఛాతీ తెరవకుండా, రక్తనాళం ద్వారా బృహద్ధమని కవాటాన్ని అమర్చి కొత్త అధ్యాయం ప్రారంభించారు. అయితే ఆ పద్ధతి ప్రధానంగా వృద్ధాప్యంలో సున్నం పేరుకుని బిగుసుకుపోయిన కవాటాలకు ఉద్దేశించినది. అందులో వాడేది జంతు కణజాలంతో చేసిన కవాటం. అటువంటివి చిన్న వయసు వారిలో త్వరగా పాడవుతాయి. కాబట్టి యువ రుమాటిక్ రోగుల సమస్య ఆ ఆవిష్కరణతో తీరలేదు.

4. ముగింపు

చిత్రా కవాటం ధర అనే అడ్డంకిని తగ్గించింది. శస్త్రచికిత్స తరువాతి సంరక్షణ అనే అడ్డంకి మిగిలింది. గొంతునొప్పికి తొలిదశలోనే చికిత్స చేస్తే రుమాటిక్ జ్వరాన్ని నివారించవచ్చు. ఒకసారి జ్వరం వచ్చినవారికి మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ ఇస్తే కవాటాలు మరింత దెబ్బతినకుండా కాపాడవచ్చు. కవాట నిర్మాణంలో చూపిన ఓర్పు, పట్టుదల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ కనిపించినప్పుడే ఈ కృషి సంపూర్ణమవుతుంది.