తోలు పని చేసే విధికుడు ఇచ్చిన రాయి

గ్రూప్స్‌కి చదివేవాళ్ళం అమరావతి స్తూపం అనగానే శాతవాహనులు, ధాన్యకటకం, పల్నాడు సున్నపురాయి అని బట్టీ కొట్టేస్తాం. మార్కుకి అది చాలు. ఆ రాళ్ళ మీద ఏం చెక్కారు, కింద ఎవరి పేరు రాశారు అనేది మాత్రం వదిలేస్తాం. అందుకే ఈ పోస్ట్.

ముందు బొమ్మల సంగతి. అమరావతి పాత రాళ్ళలో బుద్ధుడు మనిషి రూపంలో కనపడడు. చెట్టు కింద ఖాళీ ఆసనం, పాదాల గుర్తులు, చుట్టూ చేతులు జోడించిన జనం. ఆయన అక్కడ కూర్చున్నట్టే లెక్క. బోధి చెట్టు ఉంటే జ్ఞానోదయం, చక్రం ఉంటే మొదటి బోధ, స్తూపం ఉంటే మహాపరినిర్వాణం. అక్షరం రానివాళ్ళు కూడా చుట్టూ తిరుగుతూ కథ తెలుసుకోవచ్చు. మనిషి రూపం తర్వాత వచ్చింది. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఒక పలక ఉంది. దాని మీద క్రీ.పూ. 1వ శతాబ్దంలో ఖాళీ ఆసనం, చెట్టు చెక్కారు. క్రీ.శ. 3వ శతాబ్దంలో అదే రాయిని తిప్పి, వెనక వైపు స్తూపం చెక్కారు.

చెట్టు, పాము పడగలు చూసి "బుద్ధుడు మన ఆదివాసీయే" అని కొందరు అంటారు. నేను అంత దూరం పోను. చెట్టుకి మొక్కడం చాలామందికి ఉంది, అంతవరకే.

నన్ను ఆపేసింది రాతల దగ్గర. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. రాజుల పేర్లకంటే దానం ఇచ్చిన మామూలు జనం పేర్లే ఎక్కువ: వ్యాపారులు, గృహస్థులు, భిక్షుణులు. అందులో ఒకడు విధికుడు. వృత్తి చర్మకారుడు, అంటే తోలు పని. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళతో కలిసి పూర్ణఘటం పలక ఒకటి ఇచ్చాడు. పూర్ణఘటం అంటే పూలతో నిండి పొంగుతున్న కుండ. తండ్రి పేరు నాగుడు, ఉపాధ్యాయుడు అని రాసుంది. మళ్ళీ చదవండి: ఉపాధ్యాయుడి కొడుకు తోలు పని చేస్తున్నాడు, ఆ పని పేరు దాచకుండా గుడి రాయి మీద చెక్కించుకున్నాడు. తర్వాత వందల ఏళ్ళు ఆ వృత్తివాళ్ళని గుడి దరిదాపులకి రానివ్వలేదు.

1797లో కాలిన్ మెకంజీ వచ్చేటప్పటికే కట్టుబడికని రాళ్ళు తవ్వుకుపోతున్నారు. కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. ఎన్ని పేర్లు అలా బూడిదయ్యాయో. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసుకి, అక్కణ్ణుంచి లండన్‌కి పోయాయి.

చెన్నైలో చదివేవాళ్ళు ఎవరన్నా ఉంటే ఎగ్మూరు మ్యూజియంకి పోయి చూడండి. బొమ్మల ఫొటోలు అందరూ తీస్తారు, మీరు ఆ చిన్న అక్షరాల వరసలు తీసి ఇక్కడ పెట్టండి.