పరుగు ఎవరి సొత్తు?

నేను పనిచేసే హైస్కూల్లో ఒకసారి వ్యాసరచన పోటీ పెట్టాం. విషయం: ‘నాకు నచ్చిన క్రీడాకారుడు’. జెస్సీ ఓవెన్స్ గురించి ఏడెనిమిది మంది రాశారు. అందరూ 1936 బెర్లిన్ దగ్గరే ఆగిపోయారు. నాలుగు బంగారు పతకాలు, హిట్లర్ జాత్యహంకారానికి చెంపపెట్టు, అక్కడితో కథ సమాప్తం. కాగితాలు తిరిగిస్తుంటే తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు లేచి, “తర్వాత ఆయనకి ఏం ఉద్యోగం ఇచ్చారు సార్?” అని అడిగాడు. వాళ్ల నాన్న రైసుమిల్లులో హమాలీ. పతకం వస్తే ఉద్యోగం వస్తుందన్న ఆశతో తెల్లవారకముందే గ్రౌండు చుట్టూ పరుగెత్తే పిల్లవాడు వాడు. ఆ పూట నా దగ్గర జవాబు లేదు. దాన్ని వెతుక్కుంటూ చదివిన చదువే ఈ వ్యాసం.

జీవిత చరిత్రలను మనం ఎంత అమాయకంగా చదువుతున్నామో ఆ ప్రశ్న నాకు తెలియజెప్పింది. వీరుణ్ణి విజయపీఠం మీద నిలబెట్టి పుస్తకం మూసేయడం మనకు అలవాటు. పీఠం దిగిన మనిషి ఎక్కడికి వెళ్లాడు, ఏం తిని బతికాడు, ఎవరికి సంజాయిషీ ఇచ్చుకున్నాడు అని అడిగితే తప్ప, ఆ పీఠం ఎవరి సొత్తో బోధపడదు.

ఓవెన్స్ 1913లో అలబామా రాష్ట్రంలో పుట్టాడు. బానిసల మనవడు. తల్లిదండ్రులు భూస్వాముల పొలాల్ని పాలుకు చేసుకునేవాళ్లు. పదిమంది సంతానంలో అతనే చివరివాడు. బెర్లిన్‌లో 100 మీటర్లు, 200 మీటర్లు, లాంగ్ జంప్, రిలే గెలిచిన వెంటనే అమెరికా అమెచ్యూర్ అథ్లెటిక్ సంఘం వాళ్లు అతన్ని యూరప్ నగరాల్లో ప్రదర్శన పందేలకు తిప్పారు. పరుగు అతనిది, వసూళ్లు సంఘానివి. అలసిపోయి, స్వీడన్‌కు రానని ఇంటిదారి పట్టినందుకు అతన్ని సస్పెండ్ చేశారు. ఇరవై మూడేళ్లు నిండకుండానే ప్రపంచంలోకెల్లా వేగంగా పరుగెత్తే మనిషి పోటీ జీవితం ముగిసింది. న్యూయార్క్‌లో ఊరేగించారు గానీ, అతని గౌరవార్థం విందు ఏర్పాటు చేసిన హోటల్లో పైకి వెళ్లడానికి సామాన్లు మోసే లిఫ్టే గతి అయింది. అదే ఏడాది డిసెంబరులో క్యూబా రాజధాని హవానాలో డబ్బుకోసం గుర్రంతో పందెం వేశాడు. తర్వాత బట్టలు ఉతికి ఇచ్చే వ్యాపారం పెట్టి, 1939లో దివాలా తీశాడు. పతకాలతో కడుపు నిండదని ఆయనే తర్వాత సూటిగా చెప్పుకున్నాడు.

ఇది ఒక వ్యక్తి దురదృష్టం అనుకుంటే పొరపాటు. దీని వెనుక ఒక నియమం ఉంది. దాని పేరు ‘అమెచ్యూరిజం’. ఆ మాటకు మన పత్రికలు ‘ఔత్సాహికుడు’ అని అందమైన పర్యాయపదం తయారుచేశాయి. అమెచ్యూర్ అంటే ప్రేమతో ఆడేవాడు, పైసా ఆశించనివాడు. వినడానికి నిష్కామ కర్మలాగే ఉంటుంది. కానీ పుట్టుక చూడండి. 1879లో ఇంగ్లండులోని హెన్లీ పడవ పందేల నిర్వాహకులు చేతిపనివాళ్లూ కూలీలూ అమెచ్యూర్లు కాలేరని నిబంధనల్లోనే రాసుకున్నారు. మరుసటి ఏడాది ఏర్పడిన ఇంగ్లండు అథ్లెటిక్ సంఘం పరుగు పందేలకు ఆ వృత్తి నిషేధాన్ని వదిలేసింది. డబ్బు నిషేధాన్ని మాత్రం ఉంచింది. ఫలితం ఏమిటి? పందేనికి వెళ్లిన కార్మికుడికి ఆ రోజు కూలి పోతుంది. పోయిన కూలిని ఎవరైనా పూడ్చితే అతను ‘ప్రొఫెషనల్’ అయి వెలి అవుతాడు. ఎస్టేటు మీద రాబడి ఉన్న దొరబిడ్డకు ఈ చిక్కే లేదు. 1896లో ఆధునిక ఒలింపిక్స్ ఈ నియమాన్నే వారసత్వంగా తీసుకున్నాయి.

ఆ నియమానికి బలైనవాళ్లలో మొదట చెప్పుకోవలసినవాడు జిమ్ థోర్ప్. అమెరికా ఆదివాసుల్లో శాక్ అండ్ ఫాక్స్ తెగవాడు. 1912 స్టాక్‌హోమ్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచాడు. 1909, 1910 వేసవుల్లో చిన్న జీతానికి బేస్‌బాల్ ఆడాడన్న నేరానికి 1913లో పతకాలు లాగేసుకున్నారు. ఆ రోజుల్లో కాలేజీ కుర్రాళ్లు ఎందరో అలా ఆడేవారు. వాళ్లు దొంగపేర్లు పెట్టుకున్నారు. థోర్ప్ తన పేరుతోనే ఆడాడు. అభ్యంతరాలు ముప్పై రోజుల్లో చెప్పాలన్న తమ నిబంధననే అధికారులు పక్కన పెట్టారు. 1953లో అతను ఒక ట్రెయిలర్ ఇంట్లో చనిపోయాడు.

స్టాక్‌హోమ్‌లో ఆ రెండు పోటీల్లోనూ థోర్ప్‌తో పాటు పాల్గొన్న మరో అమెరికన్ ఆవరీ బ్రండేజ్. రాళ్లు చెక్కే మేస్త్రీ కొడుకు. భవన నిర్మాణ వ్యాపారంలో కోట్లు గడించి, 1936లో అమెరికా ఒలింపిక్ కమిటీకీ, 1952 నుంచి 1972 దాకా అంతర్జాతీయ కమిటీకీ అధ్యక్షత వహించాడు. థోర్ప్ పతకాలు తిరిగిచ్చే మాట ఆయన హయాంలో చెల్లలేదు. కిందనుంచి మేడెక్కినవాడు మేడమెట్లకు కావలి కాయడం మన నవలల్లో మనకు పరిచయమైన పాత్రే కదా!

ఫిన్లండ్ పరుగువీరుడు పావో నుర్మీ కథలోనూ ఇలాంటి కావలివాడు ఉన్నాడు. నుర్మీ వడ్రంగి కొడుకు. పన్నెండేళ్లకే తండ్రి పోతే, బడి మాని రొట్టెల దుకాణంలో సరుకు బండి తోశాడు. మూడు ఒలింపిక్స్‌లో తొమ్మిది స్వర్ణాలు గెలిచాడు. 1924 పారిస్‌లో 1500, 5000 మీటర్ల ఫైనల్స్‌ను రెండు గంటలలోపు తేడాతో గెలిచాడు. 1932లో లాస్ ఏంజెలెస్ చేరుకున్నాక, ప్రయాణ ఖర్చుల పేరిట ఎక్కువ డబ్బు తీసుకున్నాడన్న ఆరోపణతో అతన్ని ఆపేశారు. అప్పుడు అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య అధ్యక్షుడు సిగ్‌ఫ్రిడ్ ఎడ్‌స్ట్రోమ్, స్వీడన్‌లో పెద్ద విద్యుత్ పరికరాల కంపెనీ అధినేత. ఇరవై ఏళ్ల తర్వాత హెల్సింకీలో ఒలింపిక్ జ్యోతితో నుర్మీ స్టేడియంలోకి పరుగెత్తి వచ్చినప్పుడు ఒలింపిక్ కమిటీ అధ్యక్ష స్థానంలో ఉన్నది ఆ ఎడ్‌స్ట్రోమే. పోటీలో పనికిరాని కాళ్లు వేడుకకు పనికివచ్చాయి.

ఇక్కడితో వ్యాసం ముగించడం నాకు సులువు. తప్పంతా ధనికస్వామ్యానిదేనని తీర్పు చెప్పి చేతులు దులుపుకోవచ్చు. కానీ అదే హెల్సింకీలో 5000, 10000 మీటర్లతో పాటు జీవితంలో మొదటిసారి పరుగెత్తిన మారథాన్ కూడా గెలిచిన ఎమిల్ జాటోపెక్ నన్ను అలా పోనివ్వడు. పదహారేళ్ల వయసులో చెకొస్లోవేకియాలోని బాటా చెప్పుల ఫ్యాక్టరీలో పనికి చేరినవాడు. సోషలిస్టు ప్రభుత్వం సైన్యంలో ఉద్యోగమిచ్చి అతని తిండికీ సాధనకూ పూచీపడింది. కార్మికుడి బిడ్డకు పరుగెత్తే తీరిక దొరికిందని మనవాళ్లు గర్వంగా చెప్పుకున్నారు. అది నిజం కూడా. అయితే 1968లో అతను సంస్కరణలు కోరుతూ ‘రెండు వేల మాటలు’ ప్రకటనపై సంతకం చేశాడు. దేశంలోకి వచ్చిన వార్సా కూటమి సైన్యాల్ని వ్యతిరేకించాడు. పార్టీ సభ్యత్వం, సైన్యంలో స్థానం రెండూ పోయాయి. ఇంటికి దూరంగా, నేలను బోర్లు వేసే పనుల్లో ఏళ్ల తరబడి కాయకష్టం చేశాడు. అన్న మాటను వెనక్కి తీసుకోవలసి కూడా వచ్చింది. ఓవెన్స్ గుర్రప్పందెం గురించి రాసి జాటోపెక్ బోరు పనిని దాచే అభ్యుదయ విమర్శకుడు, బెర్లిన్ దగ్గర వ్యాసం ఆపిన నా విద్యార్థి కంటే ఎక్కువ తప్పు చేసినట్టే. పిల్లవాడికి తెలియదు. మనకు తెలుసు.

అమెచ్యూర్ నియమం 1974లో సడలింది. 1980లలో కూలిపోయింది. థోర్ప్ కుటుంబానికి 1983లో నకలు పతకాలిచ్చారు. ఆ రెండు పోటీల ఏకైక విజేతగా అతన్ని గుర్తించింది మాత్రం 2022లో, అంటే నూట పదేళ్లకు. 2024 పారిస్‌లో అథ్లెటిక్స్ స్వర్ణ విజేతలకు సమాఖ్యే 50,000 డాలర్ల చొప్పున ఇచ్చింది. నిన్నటి మహాపాపం నేటి బహుమతి అయింది. నైతిక సూత్రమని నూరేళ్లు చెప్పినది ఒక వర్గపు సౌకర్యమేనని ఇంతకంటే ఏం రుజువు కావాలి?

రచయితలు కూడా ఈ చరిత్ర చదవాలి. ‘కళకు వెల కట్టకూడదు’ అన్న మాట సాహిత్య సభల్లో మనమూ వింటాం. ఆ మాట అంటున్నవాడి గాదె నిండి ఉందో లేదో చూడాలి. వింటున్నవాడు రాత్రి డ్యూటీ దిగి వచ్చి కథ రాస్తున్నాడేమో కూడా చూడాలి.

ఆ పిల్లవాడికి జవాబు చెప్పాను. ఓవెన్స్‌కు ఉద్యోగం ఇవ్వలేదని, గుర్రంతో పరుగెత్తించారని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, “ఎవరు గెలిచారు సార్?” అన్నాడు. ఓవెన్సే గెలిచాడన్నాను. వాడు నవ్వాడు. మర్నాడు కూడా గ్రౌండుకు వచ్చాడు. వాడి కథ రాసే రోజు వస్తే, పతకం దగ్గర ఆపకుండా రాయాలి.