వేరు, కట్టె, విత్తనం: సూర్యలంక - నిజాంపట్నం తీరంలో మడ అడవుల పునరుద్ధరణ, సేకర్తల శ్రమ

వ్యాససంగ్రహం:

బాపట్ల జిల్లా సూర్యలంక నుంచి నిజాంపట్నం, రేపల్లె తీరాల మీదుగా కృష్ణానది సాగరసంగమం వరకు ఉన్న ప్రాంతంలో మనిషి ప్రకృతి నుంచి తీసుకున్నవాటిలో మూడింటికి ప్రత్యేక చరిత్ర ఉంది. అద్దకానికి చిరువేరు, వంటచెరకుకు మడకట్టె, పునరుద్ధరణకు మడవిత్తనం. మొదటి రెండూ తీసుకోవడం కోసం తీసుకున్నవి. మూడోది తిరిగి ఇవ్వడం కోసం తీసుకున్నది. ఈ మూడు దశల్లోనూ సేకర్తల జ్ఞానమే పనికి ఆధారమైంది. లిఖిత ఆధారాల్లో మాత్రం అది సరుకుగా, కూలిగా, హెక్టార్ల లెక్కగా మారిపోయింది. మడ అడవుల పునరుద్ధరణ చరిత్రను నాటిన విస్తీర్ణం నుంచి కాక, విత్తన సేకరణ నుంచి చదవవలసిన అవసరాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మడ అడవులు, తెల్లమడ, విత్తన సేకరణ, చిరువేరు, యానాదులు, సూర్యలంక, నిజాంపట్నం.

1. ఉపోద్ఘాతం:

బాపట్లకు సుమారు 9 కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యలంక నేడు సముద్రస్నానాలకు, పర్యాటకానికి ప్రసిద్ధి. ఇక్కడి తీరం ఇసుకతిన్నెల తీరం. ఇక్కడి నుంచి తూర్పుగా నిజాంపట్నం వైపు సాగేకొద్దీ ఇసుక తగ్గి బురద పెరుగుతుంది. ఉప్పునీటి పాయలు, చౌడు పర్రలు, మడ అడవులు మొదలవుతాయి. లంక, దీవి, దిబ్బ, పాలెం అనే ఉత్తరపదాలతో ఉన్న ఊరిపేర్లు నీటికీ నేలకూ మధ్య ఎన్నడూ స్థిరపడని హద్దును సూచిస్తాయి. నిజాంపట్నం మండలంలోని అడవులదీవి అన్న గ్రామనామం ఆ నేలమీద ఒకప్పుడు ఏముండేదో స్వయంగా చెబుతుంది.

కృష్ణా ముఖద్వారపు మడ అడవులలో అధికభాగం 1989లో ప్రకటించిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలో ఉంది. ఈ అడవులపై వృక్షశాస్త్ర, భూగోళశాస్త్ర దృష్టితో వచ్చిన పరిశోధనలతో పోలిస్తే, పునరుద్ధరణ పనిని శ్రమచరిత్రగా చూసిన ప్రయత్నాలు తెలుగులో అరుదు. విత్తనం ఏరినవారు ఎవరు, వారికి తెలిసినది ఏమిటి, ఆ తెలివిడి ఎక్కడ నమోదైంది అన్నవి ఇక్కడ ప్రధాన ప్రశ్నలు.

2. వేరు: చిరువేరు వాణిజ్యం

17వ శతాబ్దపు ఐరోపా వర్తకులకు నిజాంపట్నం ‘పెటపోలి’గా పరిచితం. డచ్చివారు 1606లో ఇక్కడ వర్తకస్థావరం నెలకొల్పారు. 1611లో ఆంగ్లేయుల ‘గ్లోబ్’ నౌక ఇక్కడికి చేరింది. వారిని ఆకర్షించినవాటిలో ముఖ్యమైనది ఎర్రరంగు అద్దకపు వస్త్రం. ఆ ఎరుపుకు మూలం తీరపు ఇసుకనేలల్లో పెరిగే చిరువేరు. గవ్వల సున్నం కలిసిన ఇసుకలో పెరిగిన మొక్క వేరు మంచి రంగునిస్తుందన్న అనుభవం అద్దకపువారిలో ఉండేది. డబ్ల్యు.హెచ్. మోర్‌లాండ్ సంపాదకత్వంలో 1931లో వెలువడిన గోల్కొండ వృత్తాంతాల సంపుటంలో విలియం మెథ్‌వోల్డ్ తదితరుల రచనలు ఈ తీరపు వాణిజ్యానికి ప్రధాన ఆధారాలు.

ఈ ఆధారాల దృష్టి సరుకు మీద, సుంకం మీద, రంగు నాణ్యత మీద ఉంది. ఏ దిబ్బ మీది మొక్క వేరు తవ్వాలో, ఎంత వయసు మొక్కను వదిలిపెట్టాలో నిర్ణయించిన మనిషి వాటిలో కనిపించడు. 1868-69లో జర్మన్ శాస్త్రవేత్తలు అలిజరిన్ రంగును కృత్రిమంగా తయారుచేసిన తరువాత చిరువేరుకు గిరాకీ క్రమంగా పడిపోయింది. గిరాకీతోపాటు ఆ నేలజ్ఞానమూ మరుగున పడింది. వర్తకుడు రాసుకున్నది మిగిలింది, తవ్వినవాడికి తెలిసినది పోయింది. ఈ తీరంలో తరువాతి రెండు దశలకూ ఇది పూర్వరూపం.

3. కట్టె: కూపు నుంచి చెరువు దాకా

మడచెట్టు తీరవాసులకు బహుళప్రయోజనకారి. వంటచెరకు, ఇంటివాసాలు, కంచె, పశువుల మేత అన్నీ అక్కడినుంచే వచ్చేవి. నైలాను రాకముందు నూలువలలు నీటిలో కుళ్లకుండా ఉండేందుకు మడజాతి చెట్ల బెరడు కషాయంలో నానబెట్టేవారు. అయితే అడవి స్వరూపాన్ని మార్చినది ఈ గృహావసరాలకన్నా విస్తారమైన నరికివేత. వలసపాలన కాలం నుంచి తూర్పుతీరపు మడ అడవులలో కూపుల పద్ధతి అమలైంది. అడవిని భాగాలుగా విభజించి, వంతులవారీగా ఒక్కొక్క భాగాన్ని పూర్తిగా నరికి, అది తానే తిరిగి పెరుగుతుందని వదిలేయడం ఈ పద్ధతి.

మెట్ట అడవిలో మోడు చిగురిస్తుంది కనుక ఈ లెక్క కొంతవరకు సరిపోయింది. మడ అడవిలో సరిపోలేదు. చెట్లు పోయిన బురదనేల ఎండకు బయటపడి, తేమ ఆవిరై, క్రమంగా కుంగింది. నేల పళ్లెంలా మారింది. పోటులో వచ్చిన నీరు పాటులో తిరిగి పోలేక నిలిచిపోయింది. లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఈ పళ్లాల్లో నిలిచిన నీటిలో ఎండాకాలానికి అది అంతకు ఎంతో మించిపోయేది. అక్కడ పడిన ఏ మడవిత్తనమూ బతకలేదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు పిచ్చావరంలో చేసిన అధ్యయనాలు ఈ కార్యకారణ సంబంధాన్ని స్పష్టం చేశాయి. ఈ వివరణ వచ్చేవరకు క్షీణతకు నింద ప్రధానంగా కట్టె కొట్టుకునే పేదల మీద, పశువుల కాపరుల మీద పడుతూ వచ్చింది.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పదివేలకు పైగా ప్రాణాలు తీసింది. మడ అడవి అడ్డుగా ఉంటే అల ఉద్ధృతి తగ్గుతుందన్న ఎరుక ఆ తరువాత తీరవాసుల్లో బలపడింది. అయినా 1990వ దశకంలో రొయ్యల సాగు విజృంభించి పర్రభూములను, వాటి అంచులలోని మడలను చెరువులుగా మార్చింది. తీరప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటన 1991లో వచ్చినా, రొయ్యల చెరువులపై సర్వోన్నత న్యాయస్థానం తీర్పు 1996 డిసెంబరు 11న వెలువడినా, అప్పటికే చాలా పాయల దారులు మారిపోయాయి.

4. విత్తనం: సేకరణ, కాలువ, నారుమడి

4.1. చేపముల్లు కాలువలు

కెనడా సహకారంతో స్వామినాథన్ సంస్థ 1990వ దశకం ద్వితీయార్ధంలో మొదలుపెట్టి 2004 వరకు తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, ఒడిశాలలో నిర్వహించిన పథకం కృష్ణా, గోదావరి ముఖద్వారాలకు కొత్త పద్ధతిని తెచ్చింది. సహజమైన పాయ నుంచి క్షీణించిన నేలలోకి ఒక ప్రధాన కాలువ తవ్వుతారు. దానికి ఇరువైపులా సుమారు 45 డిగ్రీల కోణంలో పిల్లకాలువలు తీస్తారు. పైనుంచి చూస్తే చేపముల్లులా కనిపించే ఈ అమరిక వల్ల పోటునీరు నేలంతా పరచుకొని, పాటులో ఉప్పును కడుగుతూ వెనక్కి పోతుంది. నీరు కదలిన తరువాతనే మొక్క. పునరుద్ధరణలో తొలిపని నాటడం కాదు, నీటికి దారి ఇవ్వడం అన్నది ఈ పద్ధతి సారాంశం.

నీటి దారిని గుర్తించడంలో కొలత పరికరాలతోపాటు స్థానికుల అనుభవం అవసరమైంది. ఏ పాయలో ఏ తిథికి పోటు ఎంతవరకు ఎక్కుతుందో, ఏ మొగ ఏ కాలంలో ఇసుకతో పూడుతుందో పీతలు పట్టే యానాదులకు, వలవేసే మత్స్యకారులకు నిత్యజీవితంలో భాగం. పోటు, పాటు, పర్ర, మొగ అన్న మాటలు వారికి భౌగోళిక పారిభాషికాలు.

4.2. విత్తనం ఏరడం

మడవిత్తనం ధాన్యపు గింజ వంటిది కాదు. తెల్లమడ కాయలో మొలక చెట్టు మీద ఉండగానే రూపుదిద్దుకుంటుంది. ఉప్పుపొన్నలో అది మరింత స్పష్టం. మొలకకాడ కాయను చీల్చుకొని చెట్టు నుంచి పొడవుగా వేలాడుతుంది. అందుకే వీటిని గాదెలో దాచడం సాధ్యం కాదు. రాలిన కొద్దిరోజుల్లోనే నాటుకోవాలి. కోతకాలం, విత్తుకాలం ఒకటే అయిన పంట ఇది.

తెల్లమడ కాయలు ప్రధానంగా వానకాలం చివర, ఈశాన్య రుతుపవనాల రోజుల్లో పక్వమవుతాయి. అవి తేలి పాయల్లో కొట్టుకువచ్చినప్పుడు చిన్నకంటి వలలతో పట్టడం, చెట్లకింద బురదలో ఏరడం రెండు మార్గాలు. పక్వమైన కాయ తొక్క వేలితో నొక్కితే సులభంగా జారుతుంది. పచ్చికాయ తొక్క వదలదు. పురుగు తొలిచినదాన్ని పక్కన పెట్టాలి. ఉప్పుపొన్నలో మొలకకాడకు, కాయకు మధ్య పసుపురంగు పట్టీ కనిపిస్తేనే కోయాలి. తిల్ల విత్తనాలు సేకరించేటప్పుడు దాని పాలు కంట్లో పడకుండా చూసుకోవాలి. కంటిచూపునే దెబ్బతీయగల పాలు అవి. ఈ తిల్ల పేరుతోనే చిదంబరానికి తిల్లై అన్న నామాంతరం ఏర్పడింది. దాని సమీపంలోనే పిచ్చావరం మడ అడవి ఉంది.

ఏరిన విత్తనాలను బురద నింపిన సంచుల్లో నాటి, పాయ అంచున పోటునీరు తాకేచోట నారుమడిలో ఉంచుతారు. నీరు పోసేది సముద్రమే. మొక్కలు బలపడ్డాక కాలువల అంచులకు తరలిస్తారు. బురదలో మోకాళ్లలోతు దిగి, పోటు ఎక్కేలోగా ముగించవలసిన పని ఇది. దినపు పనివేళను గడియారం కాక చంద్రుడు నిర్ణయిస్తాడు.

4.3. ఏ విత్తనం దొరికితే ఆ అడవి

పునరుద్ధరణలో ఎక్కువగా నాటినది తెల్లమడ. అధిక లవణీయతను తట్టుకోవడం ఒక కారణం, విత్తనం విరివిగా దొరకడం మరొక కారణం. నల్లమడ, గుగ్గిలం, ఉప్పుపొన్న, కళింగ వంటి వాటి తల్లిచెట్లు అరుదైనచోట విత్తనమూ అరుదు. ఫలితంగా తిరిగివచ్చిన అడవి పచ్చదనంలో పాతదానికి దగ్గరైనా, జాతివైవిధ్యంలో అంతగా దగ్గర కాలేదు. తల్లిచెట్టు ఉన్న చోటు తెలిసిన సేకర్త అడవి భవిష్యత్తును నిర్ణయిస్తాడన్న మాట.

సూర్యలంక ఇసుకతిన్నెలు ఇందుకు వ్యతిరేక దృష్టాంతం. కార్వార్ ప్రాంతంలో 1868లో ప్రవేశించిన సరుగుడు, 1977 తరువాత తుపానుల రక్షణ పేరిట ఆంధ్రతీరమంతటా వ్యాపించింది. నర్సరీలో తేలికగా పెరగడం, కలపకు ధర ఉండడం దాని విజయానికి కారణాలు. తిన్నెలను సహజంగా పట్టి ఉంచే బలబందతీగ, రావణాసురుని మీసాలు అన్న గడ్డి ఏ పథకంలోనూ ప్రధాన స్థానం పొందలేదు. అలల అంచువరకు దట్టంగా పెరిగిన సరుగుడు నీడ, వేళ్లు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లుపెట్టే చోటును కుదిస్తాయన్న ఆందోళన పరిరక్షకులలో ఉంది. ఒకే తీరంలో ఒకవైపు స్థానిక విత్తనం, మరొకవైపు తెచ్చిపెట్టిన విత్తనం రెండు భిన్న ప్రకృతులను నిర్మించాయి.

5. లెక్కలు, హక్కులు

భారత అటవీ స్థితి నివేదికల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మడ అడవుల విస్తీర్ణం 1987లో 495 చదరపు కిలోమీటర్లు, 2003లో 329, 2023లో 421. ఉపగ్రహ చిత్రాల సూక్ష్మత మారుతూ వచ్చినందున ఈ సంఖ్యలను నేరుగా పోల్చడం సరికాదు. పడి, తిరిగి లేచిన ఒక రేఖను మాత్రం ఇవి సూచిస్తాయి. ఆ లేచిన భాగంలో సహజంగా పెరిగినది, నాటినది రెండూ ఉన్నాయి. ఏ జాతి పెరిగింది, విత్తనం ఎక్కడిది, కాలువల పూడిక ఎవరు తీశారు అన్నవి ఈ సంఖ్యల్లో కనిపించవు. పూడిక తీయకపోతే చేపముల్లు కాలువ కొన్నేళ్లకే మూసుకుపోతుంది. పథకానికి ముగింపు తేదీ ఉంటుంది, పూడికకు ఉండదు.

1992లో రాష్ట్రంలో మొదలైన ఉమ్మడి అటవీ యాజమాన్యంలో వన సంరక్షణ సమితులు, అభయారణ్యాల పరిధిలో పర్యావరణ అభివృద్ధి కమిటీలు ఏర్పడ్డాయి. గ్రామస్థులు పనిలో భాగస్వాములయ్యారు. అయితే న్యాయపరంగా ఒక వైరుధ్యం మిగిలింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యంలో ప్రవేశం, వనరుల సేకరణలపై ఆంక్షలు విధిస్తుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సంప్రదాయంగా సేకరించే చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై, చేపలు తదితర జలవనరులపై హక్కులను గుర్తిస్తుంది. హక్కుపత్రం చేతిలో లేని యానాది కుటుంబం విత్తనం ఏరే నెలల్లో పథకానికి కూలీ అవుతుంది. అదే పాయలో పీతలు పట్టే నెలల్లో చొరబాటుదారుగా కనిపిస్తుంది. మనిషి ఒకడే, పాయ ఒకటే. మారినది కాగితం మీది హోదా.

2023 జూన్ 5న ప్రారంభమైన కేంద్రప్రభుత్వ ‘మిష్టి’ పథకం ఉపాధి హామీ నిధులతో మడల పెంపకాన్ని జోడించింది. కూలిరోజుల లెక్క అందువల్ల పెరగవచ్చు. విత్తన జ్ఞానానికి గుర్తింపు, పాయపై హక్కు కూలిరోజుల లెక్కలోకి రావు.

6. ముగింపు:

• ఈ తీరంలో వేరు, కట్టె, విత్తనం అనే మూడు దశల్లోనూ సేకర్త జ్ఞానం వినియోగమైంది, నమోదు కాలేదు. చిరువేరు విషయంలో ఆ నష్టం ఇక పూడనిది. మడవిత్తనం విషయంలో ఇంకా సమయం ఉంది.

• మడ అడవి క్షీణతకు పేదల కట్టె ప్రధాన కారణమన్న పాత అభిప్రాయాన్ని కూపుల నరికివేత, నీటిపారుదల అవరోధం, రొయ్యల చెరువుల చరిత్ర సవరిస్తుంది.

• పునరుద్ధరించిన అడవి స్వరూపాన్ని నిర్ణయించేది అందుబాటులో ఉన్న విత్తనం. అందువల్ల జాతివారీ తల్లిచెట్ల నమోదు, కాయ పక్వమయ్యే కాలాల నమోదు సేకర్తల భాగస్వామ్యంతో జరగాలి.

• పునరుద్ధరణలో శ్రమించినవారికి అటవీ హక్కుల చట్టం కింద సముదాయ హక్కులు దక్కితేనే కాలువ పూడికతీత వంటి దీర్ఘకాలిక బాధ్యత నిలబడుతుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన వ్యవసాయ పదాల సంపుటం మాండలిక వృత్తిపదాల సేకరణకు దారి చూపింది. మడవిత్తన సేకరణ పూర్తిగా వ్యవసాయం కాదు, పూర్తిగా చేపలవేట కాదు, పూర్తిగా అటవీవృత్తి కాదు. మూడింటి సరిహద్దున ఉన్న ఈ పని పదజాలాన్ని బాపట్ల, రేపల్లె, తెనాలి కళాశాలల తెలుగు శాఖలు క్షేత్రపర్యటనల ద్వారా సేకరించగలవు. పోటుకు లోబడి పనిచేసినవారి మాటలు వారి నోట ఉండగానే ఆ పని జరగాలి.