మనోవ్యాధి మాత్రలు, మేడ్చల్ ప్రాంతపు మందుల పరిశ్రమ

హైదరాబాద్ ఉత్తర శివార్ల మందుల పరిశ్రమ చరిత్రను చాలామంది షామీర్‌పేట దగ్గరి తుర్కపల్లిలో 1999 నుంచి రూపుదిద్దుకున్న జీనోమ్ వ్యాలీతో, అక్కడి టీకాలతో మొదలుపెడతారు గానీ, దాని వేళ్లు ఇప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో భాగమైన బాలానగర్‌లో, 1960ల్లో నెలకొన్న ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్ కర్మాగారంలో ఉన్నాయి. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించగా, ఇదే జిల్లా బాచుపల్లిలోనూ కర్మాగారాలున్న ఆ సంస్థ 2011 అక్టోబరులో ఓలాంజపిన్ 20 మిల్లీగ్రాముల జనరిక్ మాత్రను, అనగా పేటెంటు గడువు తీరిన మందుకు మరో కంపెనీ చేసే సమానమైన మాత్రను, అమెరికాలో విడుదల చేసింది. 1970 నాటి పేటెంటు చట్టం మందుపై కాక తయారీ పద్ధతిపైనే హక్కు ఇచ్చినందువల్ల, ఒకే మందును వేరే దారిలో చేసే నేర్పు ఇక్కడి రసాయనజ్ఞులకు అప్పటికే అలవడి ఉంది.

ఓలాంజపిన్ యాంటీసైకోటిక్ కోవకు, అంటే ఎవరూ లేకున్నా మాటలు వినిపించడం, అందరూ పగబట్టారని నమ్మడం వంటి లక్షణాలను అణచే మందుల కోవకు చెందింది. వీటిలో మొదటిదైన క్లోర్‌ప్రోమజిన్ 1952లో పారిస్‌లో మానసిక వైద్యంలోకి వచ్చినా, అది ఎలా పనిచేస్తుందో తెలియడానికి మరో దశాబ్దం పట్టింది. మెదడులో నాడీకణాల మధ్య సందేశాలు మోసే డోపమిన్ అంటుకునే గ్రాహకాలను ఈ మందులు మూసివేస్తాయి. వాటిలో సుమారు 65 శాతం మూతపడితే గుణం కనిపిస్తుంది. 80 శాతానికి చేరువైతే, కదలికలకూ ఆ డోపమినే ఆధారం కనుక, చేతులు వణకడం, దవడ బిగుసుకోవడం, నడకలో చేతులు ఊగకపోవడం మొదలవుతాయి. మోతాదు పెంచితే జబ్బు త్వరగా తగ్గుతుందన్న పాత నమ్మకం ఎందరు రోగులను కొయ్యబారేలా చేసిందో చెప్పడం కష్టం.

ఇదే కోవకు చెందిన, వణుకు అంతగా తేని క్లోజపిన్ మరో ప్రమాదం తెచ్చింది: 1975లో ఫిన్లాండ్‌లో తెల్లరక్తకణాలు పడిపోయి కొందరు మరణించగా, క్రమం తప్పని రక్తపరీక్షల షరతుతో 1989లో అమెరికా దాన్ని అనుమతించింది. ఓలాంజపిన్‌కు ఆ భయం చాలా తక్కువ. అయితే బరువు, రక్తంలో చక్కెర, కొవ్వు పెరుగుతాయి కాబట్టి ఆ మూడింటినీ మందుకు ముందూ, తరువాత కొన్ని నెలలకోసారీ చూడాలి. డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని ఔషధ నియమాల్లోని షెడ్యూల్ హెచ్ చెబుతున్నా, పాత చీటీతో అదే మోతాదు కొనుక్కుంటూ పోవడం, లేదా తగ్గింది కదా అని ఒక్కసారిగా మానేయడం సాగుతూనే ఉన్నాయి. హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ కనుక, మానవలసి వచ్చినప్పుడు డాక్టరు మోతాదును వారాలు, నెలల మీద మెల్లగా తగ్గిస్తారు.