పొట్టి కాలు, వంగిన వెన్ను: ఒక చికిత్స చరిత్ర
ఒక కాలు పొట్టిగా ఉంటే నిలబడినప్పుడు కటి ఆ వైపుకు వాలుతుంది. దాని మీద ఆనుకున్న వెన్నెముక తలను మళ్లీ నడిమధ్యకు తెచ్చుకోవడానికి నడుము దగ్గర పక్కకు వంగుతుంది. మనిషి కూర్చుంటే బరువు కాళ్ల మీద ఉండదు కాబట్టి ఆ వంపు పోతుంది. వెన్నులోనే పుట్టిన వంకర అలా పోదు. ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే మాత్రం ఈ వంపు కూడా బిగుసుకుపోవచ్చు.

సెంటీమీటరు లోపు తేడా చాలామందిలో ఉంటుంది, దానికి చికిత్స అక్కర్లేదు. అంతకు మించితే చెప్పు అడుగును ఎత్తు చేయడమే పాత ఉపాయం. పొట్టి కాలి కింద చెక్కపలకలు పేర్చి, కటి సమంగా నిలిచే ఎత్తును కొలిచేవారు. ఆ పద్ధతి నేటికీ ఉంది.

ఎముకనే పొడిగించాలని 1905లో ఇటలీలోని బొలోన్యాలో వైద్యుడు కొదివిల్లా ప్రయత్నించాడు. తొడ ఎముకను కోసి, బలంగా లాగి, కట్టు వేసేవాడు. ఒక్కసారిగా లాగితే నరాలు, రక్తనాళాలు తట్టుకోలేవు. అమెరికా వైద్యుడు ఫెమిస్టర్ 1933లో దానికి భిన్నమైన దారి చూపాడు: పిల్లల్లో పొడుగు కాలి ఎముక పెరుగుదలను ఆపడం.

అసలు మలుపు సైబీరియాలోని కుర్గాన్‌లో వచ్చింది. అక్కడి వైద్యుడు గవ్రీల్ ఇలిజరోవ్ 1951 ప్రాంతంలో ఉక్కు రింగులు, సన్నని తీగలతో ఒక పరికరం తయారుచేశాడు. కోసిన ఎముక కొసలను రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున, అదీ నాలుగు విడతల్లో, దూరం చేస్తే నడుమ కొత్త ఎముక పెరుగుతుంది. దానితోపాటు కండ, నరం, రక్తనాళం కూడా సాగుతాయి. తొందరపెట్టకుండా శరీరం చేతనే పని చేయించుకోవడం ఇందులోని గొప్పదనం.

అయినా మాస్కో వైద్యులు ఏళ్ల తరబడి ఆయనను నమ్మలేదు. సోవియట్ హైజంప్ ఒలింపిక్ విజేత వలేరి బ్రూమెల్ కాలు 1965లో మోటారు సైకిల్ ప్రమాదంలో నుజ్జయింది. ఎన్నో ఆపరేషన్లకు లొంగని ఆ కాలిని 1968లో ఇలిజరోవ్ కుదిర్చాక దేశమంతా ఆయన పేరు తెలిసింది. ఇటలీ పర్వతారోహకుడు కార్లో మౌరి 1980లో కుర్గాన్‌లో కాలు బాగుచేయించుకుని తిరిగొచ్చాక, ఇటలీ వైద్యులు మరుసటి ఏడాదే ఇలిజరోవ్‌ను పిలిపించుకున్నారు. ఆ తర్వాతే ఈ పద్ధతి పశ్చిమ దేశాలకు పాకింది.

రెండు కాళ్లనూ అచ్చంగా సమం చేయడమే ఎప్పుడూ లక్ష్యం కాదు. వెన్ను వంపు ముందే బిగుసుకుపోయి ఉంటే, కాలు సరిచేసినా మొండెం ఒక పక్కకు ఒరిగిపోవచ్చు. అందుకే శస్త్రవైద్యులు ముందు వెన్నును పరీక్షిస్తారు. పోలియోతో చచ్చుబడి, కాలిపర్ (కాలికి ఊతంగా కట్టే పరికరం) తొడిగే కాలినైతే ఒకటి రెండు సెంటీమీటర్లు పొట్టిగానే వదిలేస్తారు. అప్పుడే నడకలో ఆ పాదం నేలకు తగలకుండా ముందుకు వస్తుంది.