డోర్నకల్ బిషప్ తలమీద ఎవరి చెయ్యి?

హస్తనిక్షేపణం. తెలుగు బైబిలు చదివేవాళ్లకు తప్ప తక్కినవాళ్లకు పెద్దగా పరిచయం లేని మాట. మోకరించినవాడి తలమీద పెద్దలు చేతులుంచి ప్రార్థన చేస్తారు. చూసేవాళ్లకు కనబడేది అంతే. కానీ ఆంగ్లికన్లలో సంప్రదాయాన్ని గట్టిగా పట్టుకున్నవాళ్ల లెక్కే వేరు. క్రీస్తు శిష్యుల చేతుల నుంచి బిషప్పుల చేతుల మీదుగా, తరం తెగకుండా దిగివచ్చిన అధికారం ఆ స్పర్శలో ఉంటుందని వాళ్ల నమ్మకం. అధికారం దేవుడిదేనన్న దానిమీద క్రైస్తవుల్లో ఎవరికీ పేచీ లేదు. అది ఎవరి చేతుల మీదుగా, ఎవరి తలమీదికి దిగాలన్న దగ్గరే తగువంతా. ఆ తగువులో ఒక పెద్ద భాగం మన డోర్నకల్ చుట్టూ తిరిగింది.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ముప్ఫయ్యెనిమిదేళ్ల వేదనాయగం శామ్యూల్ అజరయ్య డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. పుట్టింది తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళై అనే పల్లెలో, నాడార్ల ఇంట. తండ్రి ఊరి పాస్టరు. అజరయ్య కొన్నేళ్లు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా తిరిగారు. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఒక మిషనరీ సంఘం పెట్టుకోవడంలో ముందు నిలిచారు. ఆ సంఘం పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. 1909లో పాస్టరుగా అభిషేకం పొంది ఆయన కూడా అక్కడికే చేరారు. తెలుగు నేర్చుకున్నారు. తమిళ యాసతోనే పలికారో ఏమో గానీ, తక్కిన జీవితమంతా అక్కడి జనానికి ఆ భాషలోనే ప్రసంగాలు చేశారు.

ఆయన పేరు బిషప్ పదవికి వినిపించగానే దొరల బంగళాల్లో గుసగుసలు మొదలయ్యాయి. పౌలు రోమీయులకు రాసిన పత్రికలోని పదమూడో అధ్యాయం ఉన్న అధికారాలన్నీ దేవుడు నియమించినవేనంటుంది. తెల్లదొరల పాలనకు ఆ అధ్యాయం బాగానే పనికొచ్చింది. అదే అధికారం ఒక నల్లవాడి చేతికి వస్తే, అతని మాట తెల్ల మిషనరీ వినాలంటే మాత్రం అధ్యాయం చటుక్కున కష్టమైపోయింది. అభ్యంతరం చెప్పినవాళ్లలో భారతీయ క్రైస్తవులూ ఉన్నారు. కులం గుడి గుమ్మం దగ్గర చెప్పులతో పాటు బయట ఆగిపోదు కదా. పట్టుబట్టి పని జరిపించినవాడు మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ అనే ఇంగ్లీషాయన.

అజరయ్య అప్పటికే నోరు విప్పి ఒకసారి గగ్గోలు పుట్టించారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడుతూ, మిషనరీలు చేసిన త్యాగాలకు తమ సంఘం తరతరాలా రుణపడి ఉంటుందని ఒప్పుకున్నారు. ఆ వెంటనే, తమకు కావలసింది ప్రేమ అనీ, స్నేహితులనివ్వమనీ అడిగారు. సభలో కొందరికి చివుక్కుమంది. పెద్దరికం చేసే చోట స్నేహం అడిగితే చివుక్కుమనక ఏమవుతుంది?

డోర్నకల్ మేత్రాసనం, అంటే ఆ బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం, మొదట చిన్నదే. తర్వాత కృష్ణా ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలూ వచ్చి కలిశాయి. ఎక్కువమంది విశ్వాసులు మాలలు, మాదిగలు. ఊళ్లో దొర, కరణం, మునసబు మాట్లాడుతుంటే దూరంగా నిలబడి వినాల్సిన జనం. వాళ్ల మధ్య బిషప్ అజరయ్య ఒక అలవాటు నాటారు. బాప్తిస్మం పొందినవాళ్లను తమ తలమీద తమ చెయ్యే పెట్టుకోమనేవారు. తాము బాప్తిస్మం పొందినవాళ్లమనీ, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ తప్పదనీ ఒక్కొక్కరి చేత పలికించేవారు. బిషప్ చెయ్యి పడాల్సిన తలమీద కూలివాడి సొంత చెయ్యి! ఇందులోని సాహసం ఆయన వేదాంత చర్చలన్నిటికన్నా పెద్దదని నాకనిపిస్తుంది.

ఖర్చు విషయంలోనూ అదే పట్టు. వంట వండే ముందు పిడికెడు బియ్యం తీసి గుడికి పక్కన పెట్టడం లాంటి అలవాట్లను ఆయన గట్టిగా ప్రోత్సహించారు. కానుకల మీద ఒక పుస్తకమే రాశారు. లండన్ నుంచి జీతం వచ్చినంతకాలం అధికారమూ లండన్‌లోనే ఉంటుందని ఆయనకు తెలుసు. 1935 నాటికి ఆ మేత్రాసనంలో సుమారు 250 మంది భారతీయ పాస్టర్లు, రెండువేలకు పైగా పల్లె ఉపాధ్యాయులు పనిచేస్తున్నారు. అంతకు ముందే, 1930లో భారత ఆంగ్లికన్ సంఘం ఇంగ్లండు సంఘం చట్టబంధం నుంచి విడివడింది.

రాజకీయాల్లో ఆయన ఎటూ పూర్తిగా ఒదగలేదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. అది జాతీయవాదుల మాట. దళితుల సామూహిక మతాంతరాల దగ్గరికొచ్చేసరికి గాంధీజీతో ఆయనకు పొత్తు కుదరలేదు సరికదా, విభేదం బాహాటంగానే నడిచింది.

డోర్నకల్ ఎపిఫనీ కెథెడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. గుమ్మటాలు, మీనార్లు, గుడి మండపంలాంటి స్తంభాలు, తామరపూల చెక్కడాలు. గోతిక్ శిఖరం కోసం వెతికితే దొరకదు.

ఇక అసలు తగువు. 1919లో తరంగంబాడిలో 33 మంది పాస్టర్లు సమావేశమై దక్షిణ భారత సంఘాలన్నీ ఒక్కటి కావాలని ప్రకటించారు. వాళ్లలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ముందు నిలిచినవారిలో అజరయ్య ఒకరు. బిషప్పులే లేని సంఘాల పాస్టర్లు ఒకవైపు, బిషప్ చెయ్యి పడితే తప్ప పాస్టరు కాదనే ఆంగ్లికన్లు మరోవైపు. కలిసేదెలా? అందరి తలలమీదా మళ్లీ చేతులుంచుదామంటే, ఇన్నాళ్లూ ప్రభుభోజనంలో తాము పెట్టిన రొట్టె, ద్రాక్షారసం చెల్లవా అని అవతలివాళ్లు అడిగారు. చర్చ 28 ఏళ్లు సాగింది. చివరికి, ఉన్న పాస్టర్లను ఉన్నట్టే తీసుకుని, ఇకపై వచ్చేవాళ్లకు మాత్రం బిషప్ చేత అభిషేకం చేయించాలని ఒప్పందం కుదిరింది. సర్దుబాటుకు ముప్ఫయ్యేళ్ల గడువు పెట్టుకున్నారు. ఇంగ్లండులో సంప్రదాయవాదులు మండిపడ్డారు. కవి టి.ఎస్. ఎలియట్ 1943లో ఈ పథకాన్ని ఖండిస్తూ ఏకంగా ఒక కరపత్రమే అచ్చువేయించారు. ఖమ్మం, కృష్ణా పల్లెల పాస్టర్ల అర్హత లండన్ కవికి అంత దిగులు పుట్టించింది మరి.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం పుట్టింది. మరుసటి ఏడు లండన్‌లోని లాంబెత్‌లో కూడిన ఆంగ్లికన్ బిషప్పులు కొత్త సంఘానికి పూర్తి సహవాసం ఇవ్వడానికి వెనకాడారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు చాలామంది చాలా ఏళ్లపాటు బయటే ఉండిపోయారు.

అజరయ్య ఆ రోజు చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. ఆయన స్థానంలో మేత్రాసనం పగ్గాలు పట్టినవాడు ఎ.బి. ఇలియట్ అనే తెల్లదొర. 1947లో డోర్నకల్‌ను కొత్త సంఘంలోకి నడిపిన బిషప్ ఆయనే.