రహీం సాబ్ బడి

"నువ్వు ఎవరి పక్క?"

పాకిస్తాన్‌తో క్రికెట్ మ్యాచ్ ఉందంటే మా లాలాపేటలో ముస్లిం కుర్రాడికి ఈ ప్రశ్న తప్పేది కాదు. నాకూ తప్పలేదు. తల దించుకుని ఇంటికొచ్చేవాణ్ణి. జవాబు మన పట్నం ఫుట్‌బాల్ మైదానాల్లో ఉందని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో పుట్టాడు. ఉస్మానియాలో బి.ఏ. చదివి బడిపంతులయ్యాడు. కాచిగూడలో, దారుల్ ఉలూంలో, చాదర్‌ఘాట్‌లో పాఠాలు చెప్పాడు. 1943 నుంచి కన్నుమూసేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. కోచ్ అనే మాట కంటే ఉస్తాద్ అనే మాటే ఆయనకు నప్పుతుంది. కుర్రాళ్లకు వింత పోటీలు పెట్టేవాడు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందగానే తోటివాడికి ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో చేతకాని కాలితోనే తన్నాలి. కుడికాలి మొనగాడు కూడా అక్కడ మళ్లీ ఓనమాలు దిద్దుకోవాల్సిందే. ఇది బడి కాక మరేమిటి? (ఇవాళ ఇలాంటి శిక్షణ కావాలంటే అకాడమీలో ఫీజు కట్టాలి. మా బస్తీ పిల్లలకు ఆ గేటు దాటే స్తోమత ఎక్కడిది?)

ఆ కాలాన్ని మరవకండి. 1948 పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ ముసల్మాను నోరెత్తలేని రోజులవి. కొలువులు పోయినవాళ్లు కొందరు, సరిహద్దు దాటినవాళ్లు కొందరు. ఉన్నవాళ్లను అనుమానం వెంటాడేది. ఆ రోజుల్లోనే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెల్చుకొచ్చింది. ఆ జట్టును తీర్చిదిద్దింది ఈ పంతులే. దేశం జట్టూ ఆయన చేతికే వచ్చింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానం.

ఆ మెల్‌బోర్న్ జట్టులో మన పట్నం వాళ్ల పేర్లు చూడండి. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం. బలరాం మా వైపువాడే. మల్కాజిగిరి దాటితే అమ్ముగూడ, అక్కడి పేద తమిళ కుటుంబం. వీళ్లలో ఎవరిని ఎవరి పక్క అని అడుగుతారు?

1962లో జకార్తాకు వెళ్లేనాటికి రహీం సాబ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1. మళ్లీ బంగారం. 1963 జూన్‌లో ఆయన పోయాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు అదే ఆఖరి బంగారం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్లో 1960 తర్వాత అడుగే పెట్టలేదు. కోచ్‌లు చాలామంది వచ్చారు. పదేళ్లప్పుడే పిల్లల్ని పట్టుకుని, బడినీ మైదానాన్నీ కలిపి చూసే పంతుళ్లు రాలేదు. నాకు తోచిన కారణం ఇదే.

మా గల్లీలో పదో తరగతి మానేసి మెకానిక్ షెడ్డుకు పోతున్న పిల్లవాడొకడున్నాడు. సాయంత్రాలు బంతి బాగా తంతాడు. రహీం ఎవరో తెలుసా అని అడిగాను.

"సినిమాలో అజయ్ దేవ్‌గన్ కదా చాచా" అన్నాడు. 2024లో వచ్చిన 'మైదాన్' చూశాడట.

"అవున్రా. ఆయన పంతులు. ఏదీ, ఎడమ కాలితో తన్ను చూద్దాం" అన్నాను.

బంతి పోయి డ్రైనేజీలో పడింది.